భుజంలో ప్లేటు తీయించుకున్నాను: కర్నూలులో నా అనుభవం

నా కుడి భుజంలోని ప్లేటు, స్క్రూలు 2025 జనవరి 22న కర్నూలులో తీయించుకున్నాను. ఆపరేషన్‌కు ముందు ఎవరిని అడిగినా ఒకటే మాట: "వేసేటప్పుడే కష్టం, తీసేదానికేముంది, గంట పని." మా బంధువుల్లో కాలి రాడ్డు తీయించుకున్న ఒకాయన, వారం తిరక్కుండానే పొలానికి పోయినానని గొప్పగా చెప్పాడు. కాలి రాడ్డు సంగతి నాకు తెలియదు. భుజం ప్లేటు మాత్రం గంట పని కాదు.

పాత కథ కొంచెం చెప్పాలి. 2022 అక్టోబరులో హైదరాబాద్‌లో మా తమ్ముడి ఇంటి మెట్ల మీద జారి పడ్డాను. చేతి ఎముక పైన, భుజం గూట్లో తిరిగే గుండ్రటి తల ఉంటుంది కదా, దాని కింద విరిగింది. అక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో టైటానియం ప్లేటు వేశారు. ఎముక బాగానే అతుక్కుంది. మాది కర్నూలు పక్కన కల్లూరులో కిరాణా కొట్టు. రోజుకు ఎన్నిసార్లు పై అరల్లోకి చెయ్యి పోతుందో లెక్కే ఉండదు. ఏడాదిన్నర పాటు ఏదో కాస్త బిగుతుగా ఉన్నా నడిచిపోయింది.

2024 వానాకాలంలో మొదలైంది. పై అరలో సర్ఫ్ ప్యాకెట్టు అందుకోబోతే లోపల కిర్రుమని శబ్దం. బయటికి వినపడదు గానీ నాకు ఒళ్ళంతా తెలిసేది. చెయ్యి భుజం ఎత్తుకు రాగానే ఒక చోట సూది దిగినట్టు నొప్పి, ఆ ఎత్తు దాటితే మళ్ళీ తగ్గేది. కుడి పక్కకు తిరిగి పడుకోలేను. జడ వేసుకోవడం మానేసి ముడి వేసుకోవడం మొదలుపెట్టా, తర్వాత అదీ మా అమ్మాయే వేసేది.

మొదట చూపించుకున్న చోట భుజం పట్టేసిందన్నారు. నొప్పి మాత్రలు, ఫిజియో రాశారు. ఆగస్టు, సెప్టెంబరు అంతా ఫిజియోకే పోయింది. ఫిజియో చేసే అమ్మాయి నా చెయ్యి పట్టుకొని పైకి సాగదీసినప్పుడల్లా కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. ఓర్చుకుంటేనే తగ్గుతుందంటే ఓర్చుకున్నా. తగ్గలేదు సరికదా ఆ కిర్రు ఇంకా ఎక్కువైంది. చివరికి ఆ ఫిజియో అమ్మాయే, "అక్కా, ఇది కండరం పట్టేసినట్టు లేదు, లోపల ఏదో తగులుతోంది, ఇంకో డాక్టరుకు చూపించుకోండి" అంది. ఆ ఒక్క మాటకు ఆమెకు ఎంత రుణపడి ఉన్నానో.

అక్టోబరు చివర్లో కర్నూలు గాయత్రీ ఎస్టేట్‌లో ఒక ఎముకల డాక్టరును కలిశాం. ఆ వీధుల్లో అడుగుకో ఆసుపత్రి, ఎక్కడికి పోవాలో తెలియని జనం. సాయంత్రం ఆరుకు చీటీ రాయించుకుంటే తొమ్మిదింపావుకు పిలిచారు. ఆయన ఎక్స్‌రే ఒకటి కాకుండా చేతిని రకరకాలుగా తిప్పి తీయించారు. తర్వాత సీటీ స్కాన్ రాశారు. ఎమ్మారై తీస్తే ఇంకా బాగా కనపడుతుంది కదా అని మా ఆయన అడిగాడు. లోపల లోహం ఉంటే ఎమ్మారైలో దాని చుట్టూ చెదిరిపోయి సరిగ్గా కనపడదట, ఈ పనికి సీటీ మేలన్నారు. స్కాన్‌కు 4,000 అయింది. రిపోర్టు మరుసటి రోజు సాయంత్రం ఇచ్చారు.

స్కాన్ బొమ్మలో డాక్టరు గారు పెన్ను పెట్టి చూపించారు. ఎముక తలలో ఒక పక్క కొంచెం కుంగింది. తల కుంగేసరికి, అప్పుడు లోపలే ఉన్న స్క్రూ మొన ఇప్పుడు బయటికి పొడుచుకొచ్చి గూటికి తగులుతోంది. దానికి తోడు ప్లేటు కొద్దిగా పైకి ఉంది, చెయ్యి లేపినప్పుడు పైనున్న ఎముక కింద నొక్కుకుంటోంది. "మీరు చెయ్యి తిప్పిన ప్రతిసారీ ఆ మొన గూట్లోని నున్నటి పొరను గీస్తోందమ్మా. అది గీసుకుపోతే మళ్ళీ రాదు" అన్నారు. రెండు నెలలు సాగదీయించుకున్నది గుర్తొచ్చి నాకు నోట మాట రాలేదు.

ఆ ఒక్క స్క్రూ తీస్తే చాలదా అని అడిగాను. ఎముక అతుక్కుంది కాబట్టి ప్లేటుతో ఇక పని లేదు, అదీ తగులుతోంది, ఎలాగూ తెరిచినప్పుడు మొత్తం తీసేయడమే మంచిదన్నారు. అయితే రెండు మాటలు ముందే చెప్పారు. ఒకటి, తీసినంత మాత్రాన చెయ్యి పూర్తిగా లేస్తుందని మాట ఇవ్వలేను, కుంగిన తల కుంగినట్టే ఉంటుంది, అది ఇంకా పెరిగితే ఎప్పుడో ఒకప్పుడు కీలు మార్పిడి దాకా పోవచ్చు. రెండు, ఏదైనా స్క్రూ రాకపోతే ఎముకను తవ్వి మరీ తీయను, లోపలే వదిలేస్తాను. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తీయించుకుంటే అయిపోతుందనుకున్నది కాస్తా, తీసినా అయిపోదేమో అన్నట్టయింది.

పెద్దాసుపత్రి ఓపీలో కూడా ఒకసారి చూపించాం. అక్కడి పెద్ద డాక్టరు గారు సీటీ చూసి అదే చెప్పారు, తీయించుకోండి, ఆలస్యం చేయకండి అని. ఇద్దరి మాటా ఒకటయ్యాక మనసు కుదుటపడింది. కొట్టు వదిలి రావాల్సిన రోజులు మేం ముందే సర్దుకోవాలి కాబట్టి, తేదీ మా చేతిలో ఉండాలని ప్రైవేటులోనే చేయించుకుందామనుకున్నాం.

ఆ తర్వాత ఎదురైన విషయం మాత్రం నేను కల్లో కూడా ఊహించనిది. డాక్టరు గారు, "పాత ఆసుపత్రి వాళ్ళు ఇంప్లాంట్ స్టిక్కర్ ఇచ్చారా?" అన్నారు. ప్లేటు డబ్బా మీద, స్క్రూల ప్యాకెట్ల మీద చిన్న చిన్న స్టిక్కర్లు ఉంటాయట, కంపెనీ పేరు, సైజు, నంబరుతో. ఆపరేషన్ రోజున వాటిని కేస్ షీటులో అంటిస్తారు. ఇప్పుడు తీయడానికి సరైన స్క్రూడ్రైవర్ కావాలంటే ఆ వివరం కావాలి. స్క్రూ తలలో గాడి కొన్నింటికి ఆరు పలకలుగా ఉంటుంది, కొన్నింటికి నక్షత్రంలా ఉంటుంది. సైజు కొంచెం తేడా వచ్చినా గాడి అరిగిపోయి స్క్రూ ఇక తిరగదు. మా దగ్గరున్న డిశ్చార్జ్ కాగితంలో "ప్లేటు, స్క్రూలు వేయబడినవి" అన్న అర్థంలో ఒక్క లైను తప్ప ఏమీ లేదు.

నవంబరు 25న మా తమ్ముడు హైదరాబాద్‌లో ఆ ఆసుపత్రికి పోయాడు. పేషెంటు రావాలి అన్నారు. ఆమె కర్నూలులో ఉందంటే, సంతకం చేసిన లెటరు, ఆధార్ కాపీ, పాత బిల్లు తెమ్మన్నారు. అన్నీ పంపించాం. రికార్డులు వేరే గోడౌన్‌లో ఉన్నాయన్నారు, ఫైల్ తీయడానికి ఫీజు కట్టమన్నారు. ఫోను చేస్తే ఒకరు మెడికల్ రికార్డ్స్ అంటారు, ఇంకొకరు బిల్లింగ్ అంటారు. కాగితం చేతికొచ్చేసరికి డిసెంబరు 20. స్టిక్కర్లు మసకబారి ఉన్నా నంబర్లు కనపడుతున్నాయి. వాట్సాప్‌లో ఫొటో పంపితే డాక్టరు గారు పది నిమిషాల్లో బదులిచ్చారు: "గుడ్. సెట్ తెప్పిస్తాను." ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా ఒంట్లో ప్లేటు ఉంటే, తీయించుకోవాల్సిన అవసరం ఇప్పుడు లేకపోయినా, ఆ స్టిక్కర్ల పేజీ కాపీ ఈరోజే అడిగి పెట్టుకోండి. ఏళ్ళు గడిచేకొద్దీ దొరకడం కష్టం.

సంక్రాంతి ముందు కొట్టు వదిలే పని లేదు. బెల్లం, నువ్వులు, నూనె, బియ్యప్పిండి, ఏడాదిలో మాకు బాగా జరిగేది ఆ పది రోజులే. పండగయ్యాక 22 అని తేదీ పెట్టుకున్నాం. రక్త పరీక్షలు ముందే చేయించారు. మామూలువి కాకుండా సీఆర్‌పీ, ఈఎస్ఆర్ అని రెండు రాశారు, లోపల ప్లేటు చుట్టూ తెలియకుండా ఇన్ఫెక్షన్ ఏమైనా ఉందేమో అని. అన్నీ బాగానే వచ్చాయి. వాటికి 2,200.

21న సాయంత్రం చేరాను. మత్తు డాక్టరు వచ్చి ఆయాసం ఉందా, కదిలే పళ్ళున్నాయా, ఇంతకుముందు మత్తు ఇచ్చినప్పుడు వాంతులయ్యాయా అని అడిగారు. సంతకం పెట్టే కాగితం తెలుగులోనే ఉంది, అందువల్ల ఇంకా భయమేసింది. నరం దెబ్బతినవచ్చు, ఎముక మళ్ళీ విరగవచ్చు, స్క్రూ లోపల తెగిపోవచ్చు, మొత్తం తీయలేకపోవచ్చు. అన్నీ వరుసగా. మా ఆయన చదివి, "ఇవన్నీ అందరికీ రాస్తారులే" అన్నాడు గానీ పెన్ను తీసుకోవడానికి ఆయనకూ టైం పట్టింది.

ఆడవాళ్ళకు ముందే తెలిస్తే మంచివి కొన్ని చెబుతాను. గాజులు, మెట్టెలు, ముక్కుపుడక, తాళి అన్నీ తీయాలి. లోపల కరెంటు పరికరంతో రక్తం ఆపుతారు కాబట్టి ఒంటి మీద లోహం ఉండకూడదు. నా మెట్టెలు బిగుసుకుపోయి సబ్బు నీళ్ళతో తీయాల్సొచ్చింది, ఇంట్లోనే తీసుకొని పోండి. తాళి తీసేది లేదని మా అత్తమ్మ పట్టుబట్టింది. భుజం పక్కనే మెడ కాబట్టి దారం కూడా ఉండకూడదన్నారు. చివరికి సిస్టరే, "పసుపు కొమ్ము దారానికి కట్టి ఎడమ మణికట్టుకు కట్టండమ్మా" అని దారి చూపించింది. తాళి మా అత్తమ్మ తన కొంగున ముడేసుకొని, ఇంటికి వచ్చేదాకా ఆ ముడి విప్పలేదు. గోళ్ళ రంగు ఉంటే అదీ తీసేయాలి, వేలికి క్లిప్పు పెడతారు. బట్టల విషయానికొస్తే, ముందు పక్క కింది దాకా గుండీలున్న నైటీలు రెండు, మీ సైజు కన్నా బాగా పెద్దవి తెచ్చుకోండి. తల మీదుగా తొడుక్కునేది ఏదీ రెండు వారాల దాకా పనికిరాదు.

22న పొద్దున ఎనిమిదికి మొదటి కేసు నాదే అన్నారు. తెల్లవారుజామున హైవే మీద యాక్సిడెంట్ అయిన అబ్బాయిని తెచ్చారు, అతన్ని ముందు తీసుకున్నారు. అర్ధరాత్రి నుంచి మంచినీళ్ళు లేవు. నాలుక పిడచకట్టుకుపోయి, ఎవరి మీదో తెలియని కోపం. ఆ అబ్బాయి తల్లి కారిడార్‌లో గోడకానుకొని కూర్చొని ఉంటే చూసి ఆ కోపం పోయింది. పదకొండున్నరకు నన్ను లోపలికి తీసుకుపోయారు.

మెడ పక్కన సూది వేస్తారు, చెయ్యి మొత్తం తిమ్మిరెక్కడానికి. చిన్న స్కాన్ మిషన్‌తో నరాలు చూస్తూ వేశారు. కొద్దిసేపట్లో నా చెయ్యి నాది కాదనిపించింది. ఎడమ చేత్తో ఎత్తి చూస్తే పాతిక కిలోల బియ్యం బస్తా ఎత్తినట్టే ఉంది. తర్వాత పూర్తి మత్తు ఇచ్చారు. కుర్చీలో వెనక్కి వాలినట్టు కూర్చోబెట్టి చేస్తారని ముందే చెప్పారు.

లోపల జరిగింది నాకు డాక్టరు చెప్పింది, బయట జరిగింది మా ఆయన చెప్పింది. పాత గాటు మీదే కోశారు. పాత గాయం లోపల కండ అంతా అతుక్కుపోయి ఉంటుంది కాబట్టి, నరాలకు తగలకుండా ప్లేటు దాకా పోవడమే ఒక పనట. స్క్రూలు చాలావరకు మంచిగానే తిరిగాయి. ప్లేటుకే బిగుసుకునే రకం స్క్రూలు ఇవి, టైటానియం అయితే ఏళ్ళ తరబడి ఉండి ప్లేటుతో కలిసిపోయి ఒకే ముక్కలా పట్టేస్తాయట. ఒకదాని గాడి అరిగిపోయింది. గంట అవుతుందని బయట కూర్చున్న మా ఆయనకు గంటన్నర అయినా కబురు లేదు. ఇంతలో స్క్రూలు తీసే సెట్ తెచ్చిన కుర్రాడు ఆపరేషన్ థియేటర్ (ఓటీ) నుంచి పరుగున వచ్చి, బండేసుకొని పోయి, ఇంకో పెట్టె తీసుకొచ్చాడు. మా ఆయన అడిగితే, "ఏం లేదన్నా, ఒక స్క్రూ మొరాయిస్తోంది" అన్నాడట. ఆ మాటకు ఈయనకు చెమటలు పట్టాయి. అరిగిన స్క్రూ తలను గట్టి డ్రిల్లుతో తొలిచి ప్లేటు విడదీశారు. కిందివైపు ఇంకొక స్క్రూ మొన తెగి ఎముకలోనే ఉండిపోయింది. అది కీలుకు దూరంగా ఉంది, దానివల్ల నష్టం లేదని వదిలేశారు. కీల్లోకి పొడుచుకొచ్చింది మాత్రం వచ్చేసింది. డ్రిల్లు పెట్టినప్పుడు రాలిన లోహపు పొడి పోయేదాకా సెలైన్‌తో చాలాసేపు కడిగారట. మొత్తం రెండున్నర గంటలు పట్టింది.

మెలకువ వచ్చాక నాకు మొదట కంగారు పుట్టింది నొప్పికి కాదు, నొప్పే లేదు. గొంతు బొంగురుపోయింది, కుడి కంటి రెప్ప వాలిపోయింది, ఊపిరి నిండుగా అందుతున్నట్టు లేదు. పక్షవాతం వచ్చిందని మా అత్తమ్మ ఏడుపు అందుకుంది. మెడలో వేసిన మందు పక్కనున్న నరాలకు కూడా పాకితే ఇలా అవుతుంది, మందు దిగితే పోతుందని సిస్టర్ చెప్పింది. మత్తు డాక్టరు ముందు రోజు నాకు చెప్పారు, ఇంట్లోవాళ్ళకు చెప్పాలని నాకు తట్టలేదు. తెల్లారేసరికి మామూలైంది.

కానీ ఆ రాత్రి మూడు గంటలకు మందు ఒక్కసారిగా దిగిపోయింది. సాయంత్రం నొప్పి లేదు కదా అని మాత్ర వద్దన్నాను, సిస్టర్ కూడా బలవంతం చేయలేదు. ఆ మూడు గంటల నుంచి సూది పని చేసేదాకా గడిచిన సమయం నేను రాయలేను. నొప్పి లేకపోయినా మాత్రలు టైంకు వేసుకోవాల్సిందే, మందు దిగకముందే వేసుకోవాలి.

23న ఎక్స్‌రే తీశారు. ప్లేటు లేని నా ఎముక మీద వరుసగా నల్లటి చుక్కలు, స్క్రూలు ఉన్న చోట్ల రంధ్రాలు. కింద తెల్లగా ఆ తెగిన ముక్క. అదే రోజు మధ్యాహ్నం ఫిజియో వచ్చి ముందుకు వంగి చెయ్యి వేలాడదీసి మెల్లగా ఊపమంది. గాయం సలుపుతోంది, కానీ లోపల ఆ కిర్రు లేదు. ఈ నొప్పి వేరు, ఆ నొప్పి వేరు. నేను ఏడిస్తే ఆ అమ్మాయి నొప్పెక్కువైందేమో అనుకొని ఆపేసింది.

24న ఇంటికి పంపారు. ప్యాకేజీ 60,000, అందులో గది, ఓటీ, డాక్టర్ల ఫీజులు. స్క్రూలు తీసే సెట్‌కు అద్దె 8,000 విడిగా. ఆ మధ్యలో తెచ్చిన డ్రిల్లుకు 4,500, అది ఎస్టిమేట్‌లో లేదు. మందులు 9,000 దాకా. పరీక్షలు, స్కాన్ కలుపుకుంటే 88,000కు దగ్గరైంది. మాకు పాలసీ లేదు, అంతా చేతి డబ్బే. డిశ్చార్జ్ కాగితంలో లోపల ఏ ముక్క మిగిలింది, ఎక్కడ మిగిలింది అన్నది స్పష్టంగా రాయమని మా ఆయన కూర్చొని రాయించాడు. ఈసారి ఇంకెవరి గోడౌన్ చుట్టూ తిరగలేమన్నాడు.

తీసిన ప్లేటు, స్క్రూలు కడిగి కవర్లో వేసి ఇచ్చారు. కొట్టుకొచ్చినవాళ్ళందరికీ అదే వినోదం. మా ఆయన తూకం మీద పెడితే ముప్పై గ్రాములు కూడా తూగలేదు. "ఇంత దానికా ఇన్ని తిప్పలు" అని పక్కింటి వదిన. పాత సామాన్ల వాడికి వేస్తే ఏమైనా వస్తుందా అని ఇంకొకాయన నిజంగానే అడిగాడు.

ఫిబ్రవరి 4న కుట్లు విప్పారు. ఒక చోట కొంచెం చెమ్మగా ఉందని ఇంకో వారం డ్రెస్సింగ్ చేశారు. మెడకు తగిలించుకునే చెయ్యి పౌచ్ మాత్రం మొదటి వారమే తీసేయమన్నారు, ఇంకా వేసుకుంటే బిగుసుకుపోతుందని. పౌచ్ లేకుండా బయటికి పోతే ఎవరైనా తగులుతారేమో అని నాకు భయం. అసలు భయం వేరే ఉంది. ఇన్నాళ్ళు ప్లేటు పట్టుకొని ఉన్న ఎముక ఇప్పుడు రంధ్రాలతో ఒంటరిగా ఉంది. రంధ్రాలు పూడేదాకా బరువులు ఎత్తొద్దు, పడొద్దు, బస్సులో పైన రాడ్డు పట్టుకొని వేలాడొద్దు అన్నారు డాక్టరు గారు. మూడు నెలలు కొట్లో బస్తా జరపలేదు. ఆసుపత్రి బిల్లులో కనపడని ఖర్చు ఇదే. బస్తాలు దించడానికి ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నాం, నెలకు 9,000. కొట్టో, పొలమో, కూలో చేసుకునేవాళ్ళు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

ఫిజియో మార్చి దాకా సాగింది, ఒక్కోసారికి 300. ఇంట్లో తలుపుకు గిలక కట్టి తాడుతో ఎడమ చేత్తో లాగుతూ కుడి చెయ్యి పైకి లేపడం, గోడ మీద వేళ్ళతో పాకుతూ ఎక్కడం. గోడ మీద మా అమ్మాయి తేదీలతో పెన్సిల్ గీతలు గీసేది. కొన్ని వారాలు గీత పైకి జరిగేదే కాదు, అప్పుడు దాని మీద విసుక్కునేదాన్ని.

ఏప్రిల్ చివర్లో ఎక్స్‌రే తీస్తే రంధ్రాలు చాలావరకు పూడుతున్నాయి. తల కుంగడం పెరగలేదు. ఇప్పుడు చెయ్యి ముందు నుంచి దాదాపు చెవి పక్కకు లేస్తుంది. జడ వేసుకుంటున్నాను. వీపు వెనక్కి మాత్రం నడుము దాటి పోవడం లేదు, వెనక హుక్కులున్న జాకెట్లు పక్కన పెట్టేశాను. ఎక్కువ పని చేసిన రోజు సాయంత్రం బరువుగా ఉంటుంది. పది కిలోల దాకా ఎత్తొచ్చన్నారు, పాతిక కిలోల బస్తా ఇంకా వద్దన్నారు. కుర్రాణ్ణి ఇంకా మానిపించలేదు. తల ఇంకేమైనా కుంగుతోందా అని చూడడానికి జులైలో మళ్ళీ ఎక్స్‌రేకు రమ్మన్నారు.